ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సేనలు, సేనానులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతూ ఉత్తర ఆఫ్రికా దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. 13వ కోర్, 30వ కోర్, 7వ ఆర్మర్డ్, 4వ ఇండియన్ అంటూ నంబర్లు వరస కడతాయి. ఆర్నెల్లకోసారి జనరల్ మారిపోతుంటాడు. పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఈ యుద్ధం ఎప్పుడు, ఎక్కడ జరిగింది?

1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది. అప్పటికి లిబియా ఇటలీ వలస. పక్కనున్న ఈజిప్టులో బ్రిటిష్ సేనలు ఉండేవి, సూయజ్ కాలువ కాపలా వాళ్ల పని. అక్కడ మొదలైన పోరు 1943 మే 13న ట్యునీషియాలో ఇటాలియన్, జర్మన్ సేనలు లొంగిపోవడంతో ముగిసింది. ఎడారి అనగానే అంతులేని ఇసుక తిన్నెలు ఊహించుకుంటాం కానీ, పెద్ద యుద్ధాలన్నీ మధ్యధరా సముద్రం ఒడ్డునున్న రాతి నేల పట్టీలోనే జరిగాయి. సరుకు వచ్చే ఓడరేవులూ, పక్కా రోడ్డూ ఉన్నది అక్కడే.

బ్రిగేడ్, డివిజన్, కోర్, ఆర్మీ: వీటిలో ఏది పెద్దది?

కింది నుంచి లెక్కేద్దాం. బెటాలియన్‌లో సుమారు 800 మంది. మూడు బెటాలియన్లు కలిస్తే ఒక బ్రిగేడ్. రెండు మూడు బ్రిగేడ్లకు ఫిరంగులు, ఇంజనీర్లు, సిగ్నల్స్, ఆస్పత్రి, లారీలు జోడిస్తే డివిజన్ అవుతుంది. పదాతి డివిజన్‌లో 15 వేలకు పైగా మనుషులు ఉంటారు. దానికి మేజర్ జనరల్ అధిపతి. రెండు మూడు డివిజన్ల మీద కోర్, దానికి లెఫ్టినెంట్ జనరల్. కోర్‌లు కలిస్తే ఆర్మీ. ఆ ఆర్మీకి పైన కైరోలో మిడిల్ ఈస్ట్ కమాండర్ ఇన్ చీఫ్ ఉండేవాడు. ఆయన చూసుకోవాల్సింది ఒక్క ఎడారినే కాదు. గ్రీసు, సిరియా, ఇరాక్, తూర్పు ఆఫ్రికా కూడా ఏదో ఒక సమయంలో ఆయన నెత్తిన పడ్డవే.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది డివిజన్. తన ఫిరంగులు, తన ఇంజనీర్లు, తన సరఫరాతో సొంతంగా యుద్ధం చేయగలిగిన అతి చిన్న సేన అదే. దాన్ని ముక్కలు చేస్తే ఏ ముక్కకూ నిలబడే బలం ఉండదు. 1941, 42ల్లో బ్రిటిష్ వాళ్లు పదేపదే చేసిన తప్పు ఇదేనని నా అభిప్రాయం. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

మరి రెజిమెంట్?

బ్రిటిష్, ఇండియన్ పదాతి దళాల్లో రెజిమెంట్ ఇంటిపేరు లాంటిది. ఒకే పేరున్న బెటాలియన్లు ఒకటి లిబియాలో, ఇంకొకటి బర్మాలో ఉండొచ్చు. ట్యాంకు, ఫిరంగి దళాల్లో మాత్రం రెజిమెంట్ అంటే బెటాలియన్ స్థాయి యూనిట్టే.

మొదట్లో ఎవరి దగ్గర ఎంత సేన ఉండేది?

కైరోలో కమాండర్ ఇన్ చీఫ్ ఆర్చిబాల్డ్ వేవెల్. ఎడారిలో వెస్టర్న్ డెజర్ట్ ఫోర్స్, దానికి రిచర్డ్ ఓకానర్ అధిపతి. ఆయన చేతిలో ఉన్నవి ముఖ్యంగా రెండే డివిజన్లు: ఓమూర్ క్రే నడిపిన 7వ ఆర్మర్డ్ (అంటే ట్యాంకుల డివిజన్), నోయెల్ బెరెస్‌ఫర్డ్ పీర్స్ నడిపిన 4వ ఇండియన్. 1940 సెప్టెంబరులో ఇటలీ మార్షల్ గ్రాజియానీ ఈజిప్టులోకి వచ్చి, సిదీ బర్రానీ దగ్గర ఆగి శిబిరాలు కట్టుకున్నాడు. ఆ శిబిరాల మధ్య పెద్ద ఖాళీలు ఉన్నాయి.

డిసెంబరు 9 తెల్లవారుజామున ఓకానర్ ఆ ఖాళీలోంచి దూరి, శిబిరాలను వెనక వైపు నుంచి కొట్టాడు. 4వ ఇండియన్ డివిజన్ సైనికులు, మటిల్డా ట్యాంకులు కలిసి నిబేవా శిబిరంలోకి చొచ్చుకుపోయారు. ఆపరేషన్ కంపాస్ అనే ఈ దాడిని అసలు నాలుగైదు రోజుల పని అనుకున్నారు. అది రెండు నెలలు సాగింది. జనవరిలో బార్దియా, టోబ్రుక్ పడిపోయాయి. ఫిబ్రవరిలో 7వ ఆర్మర్డ్ నుంచి ఒక చిన్న దళం ఎడారికి అడ్డంగా పరిగెత్తి, బేడా ఫోమ్ దగ్గర తీర రహదారికి అడ్డం పడింది. తిరోగమిస్తున్న ఇటాలియన్ పదో సైన్యం అక్కడ చిక్కుకుపోయింది. మొత్తం మీద పట్టుబడినవాళ్లు సుమారు లక్షా ముప్పై వేలు. ఓకానర్ సేన ఎప్పుడూ 40 వేలు దాటలేదు, చనిపోయింది 500 మంది.

ఎడారిలో పనిచేసిన బ్రిటిష్ సేనానుల్లో మొదటి స్థానం ఎవరికంటే నేను ఓకానర్‌కే ఇస్తాను. సమయం, మనుషులు, లారీలు అన్నీ తక్కువే ఉన్నా, చేతిలో ఉన్నదాన్ని చెల్లాచెదురు చేయలేదు.

ఇంత గెలిచినవాళ్లు లిబియా రాజధాని ట్రిపోలీ దాకా ఎందుకు వెళ్లలేదు?

గ్రీసు వల్ల. 1941 ఫిబ్రవరిలో గ్రీసుకు సైన్యం పంపాలని లండన్ నిర్ణయించింది, వేవెల్ కూడా ఒప్పుకున్నాడు. అనుభవమున్న ఆస్ట్రేలియన్ సేనలు, వాటితో పాటు న్యూజిలాండ్ సేనలు అటు వెళ్లిపోయాయి. 4వ ఇండియన్‌ను అంతకుముందే, సిదీ బర్రానీ గెలిచిన వెంటనే, సూడాన్ వైపు పంపేశారు. 7వ ఆర్మర్డ్ ట్యాంకులు అరిగిపోయి కైరో చేరాయి. లిబియాలో మిగిలింది సగం సగం ఉన్న 2వ ఆర్మర్డ్ డివిజన్, కొత్తగా వచ్చిన 9వ ఆస్ట్రేలియన్ డివిజన్.

ఫిబ్రవరి 12న జర్మన్ జనరల్ రోమెల్ ట్రిపోలీలో దిగాడు. మార్చి 24న దాడి మొదలుపెట్టాడు. ఏప్రిల్ 6 రాత్రి కారులో దారి తప్పిన ఇద్దరు బ్రిటిష్ జనరల్స్ జర్మన్ గస్తీ దళానికి దొరికిపోయారు. ఒకరు అక్కడి కమాండర్ ఫిలిప్ నీమ్, రెండోవారు ఆయనకు సాయంగా హడావుడిగా పంపిన ఓకానర్. బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్, ఒలింపిక్ బంగారు పతకం రెండూ ఉన్న ఏకైక వ్యక్తి ఈ నీమ్. 1924 పారిస్‌లో తుపాకీ గురిలో గెలిచాడు. ఇద్దరూ 1943లో ఇటలీ లొంగిపోయాకే బయటపడ్డారు.

ముందుకు వెళ్లినవాళ్లంతా మళ్లీ ఎందుకు వెనక్కి వచ్చేవాళ్లు?

పెట్రోలు, నీళ్లు, లారీలు. ట్రిపోలీ నుంచి అలెగ్జాండ్రియా వరకు దాదాపు రెండు వేల కిలోమీటర్లు. గెలిచి ముందుకు వెళ్లే కొద్దీ తన ఓడరేవు దూరమవుతుంది, శత్రువుకు అతని ఓడరేవు దగ్గరవుతుంది. లారీలు మోసుకొచ్చే పెట్రోలులో పెద్ద వాటా ఆ లారీలే తాగేస్తాయి. మధ్యలో ఉన్న టోబ్రుక్ రేవు కోసం ఇరుపక్షాలూ అంతలా కొట్టుకున్నది ఇందుకే.

బ్రిటిష్ వాళ్లకు ఇంకో ఖర్మ ఉండేది. నాలుగు గ్యాలన్ల పల్చటి రేకు డబ్బాల్లో పెట్రోలు పంపేవారు. గతుకుల దారిలో అవి చిట్లి, చాలా పెట్రోలు దారిలోనే కారిపోయేది. జర్మన్ల దగ్గర గట్టి క్యాన్లుండేవి. అవి దొరికితే సైనికులు వదిలిపెట్టేవారు కాదు. తర్వాత బ్రిటన్ అదే నమూనాలో తయారు చేసుకుంది. ఈ రోజుకీ జెర్రీ క్యాన్ అనేది దాన్నే.

ఎయిత్ ఆర్మీ ఎప్పుడు పుట్టింది?

1941 సెప్టెంబరులో. మే, జూన్ నెలల్లో వేవెల్ చేయించిన రెండు దాడులూ విఫలమయ్యాక చర్చిల్ ఆయన్ని ఇండియాకు పంపి, ఇండియాలో ఉన్న క్లాడ్ ఆకిన్‌లెక్‌ను కైరోకు రప్పించాడు. సేన బాగా పెరగడంతో 13వ కోర్, 30వ కోర్ కలిపి ఎయిత్ ఆర్మీ అన్నారు. మొదటి అధిపతి అలన్ కన్నింగ్‌హామ్. తూర్పు ఆఫ్రికాలో ఇటాలియన్లను ఓడించి వచ్చాడు. మధ్యధరా నౌకాదళ అధిపతి ఆండ్రూ కన్నింగ్‌హామ్ ఈయన అన్నే. పేర్లు చూసి ఒకరే అనుకోకండి.

కన్నింగ్‌హామ్‌ను యుద్ధం మధ్యలోనే ఎందుకు తీసేశారు?

ఆపరేషన్ క్రూసేడర్ 1941 నవంబరు 18న మొదలైంది. ట్యాంకుల సంఖ్యలో బ్రిటిష్ వాళ్లదే పైచేయి. కానీ మూడు ట్యాంకు బ్రిగేడ్లు మూడు దిక్కులకు వెళ్లాయి. 22వది బిర్ ఎల్ గూబీ దగ్గర ఇటాలియన్ ఆరియెటే డివిజన్ మీద పడి దెబ్బతింది, 7వది సిదీ రెజెగ్‌కు వెళ్లింది, 4వది వెనక ఉండి విడిగా పోరాడింది. జర్మన్లు కలిసికట్టుగా వచ్చి ఒక్కోదాన్నీ వేర్వేరుగా కొట్టారు. నష్టాలు చూసి కన్నింగ్‌హామ్‌కు ధైర్యం సడలింది. వెనక్కి తగ్గుదామా అని అడిగాడు. ఆకిన్‌లెక్ విమానంలో వచ్చి, దాడి కొనసాగాల్సిందేనన్నాడు. నవంబరు 26న కన్నింగ్‌హామ్‌ను తప్పించి, కైరో ఆఫీసులో తన కింద పనిచేస్తున్న నీల్ రిచీని పెట్టాడు.

క్రూసేడర్ చివరికి గెలిచింది. ఏప్రిల్ నుంచి రోమెల్ ముట్టడిలో ఉన్న టోబ్రుక్ విడుదలైంది, రోమెల్ వెనక్కి వెళ్లాడు. గట్టిగా నిలబడింది ఆకిన్‌లెక్. రిచీని ఎంచుకుని తప్పు చేసింది కూడా ఆయనే. రిచీ కింద పనిచేయాల్సిన కోర్ కమాండర్లు అనుభవంలో ఆయనకన్నా సీనియర్లు. ఆదేశం వస్తే చర్చ మొదలయ్యేది.

గజాలా, టోబ్రుక్ అంత ఘోరంగా ఎలా పోయాయి?

1942 మే 26న రోమెల్ మళ్లీ దాడి చేసేనాటికి బ్రిటిష్ సేన గజాలా నుంచి బిర్ హకీమ్ దాకా ‘బాక్సు’ల్లో కూర్చుని ఉంది. ఒక్కో బ్రిగేడ్‌కు చుట్టూ మందుపాతరలు, ముళ్లతీగ. పక్క బాక్సుకు ఆపద వస్తే వెళ్లి ఆదుకునే దూరంలో ఇంకొకటి లేదు. 27న ఉదయం 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్ నలిగిపోయింది. జూన్ 1న 150వ బ్రిగేడ్ పూర్తిగా పట్టుబడింది. బిర్ హకీమ్‌లో ఫ్రీ ఫ్రెంచ్ (జర్మనీకి లొంగని ఫ్రెంచివాళ్ల) దళం మాత్రం రెండు వారాలు నిలిచింది.

నా దృష్టిలో అన్నింటికన్నా చేదైన భాగం జూన్ 5న కాల్డ్రన్ అనే చోట జరిగిన దాడి. దాన్ని ఇద్దరు డివిజన్ కమాండర్ల చేతిలో పెట్టారు. మొదటి దశ ఒకరిది, రెండో దశ ఇంకొకరిది. మొత్తం తనదని చెప్పేవాడు లేడు. ట్యాంకులు వెనక్కి పోయాయి. 10వ ఇండియన్ బ్రిగేడ్, దానితో ఉన్న ఫిరంగి రెజిమెంట్లు మైదానంలో ఒంటరిగా మిగిలి మర్నాటికి నాశనమయ్యాయి.

టోబ్రుక్ జూన్ 21న లొంగిపోయింది. దక్షిణాఫ్రికా జనరల్ క్లాపర్ కింద ఉన్న సుమారు 33 వేల మంది బందీలయ్యారు. వాళ్లలో 11వ ఇండియన్ బ్రిగేడ్ కూడా ఉంది. ఏడాది క్రితం ఎనిమిది నెలలు నిలిచిన కోట ఈసారి ఒక్క రోజులో ఎందుకు పడిందంటే, దాన్ని మళ్లీ ముట్టడికి వదలకూడదని ముందే నిర్ణయించి మందుపాతరలు, కందకాలు పాడుబడనిచ్చారు. తీరా చివరి నిమిషంలో మాట మార్చి కాపాడమన్నారు.

ఆకిన్‌లెక్ రోమెల్‌ను ఆపాడు కదా, మరి ఆయన్ని ఎందుకు తీసేశారు?

జూన్ 25న రిచీని తొలగించి ఆకిన్‌లెక్ స్వయంగా ఎయిత్ ఆర్మీని చేతిలోకి తీసుకున్నాడు. ఎల్ అలమైన్ దగ్గర ఉత్తరాన సముద్రం, దక్షిణాన ట్యాంకులు దిగలేని ఖత్తారా పల్లం. మధ్యలో అరవై కిలోమీటర్లు. రోమెల్ పక్కనుంచి చుట్టి రాలేని చోటు అదొక్కటే. జూలై 1న డేర్ ఎల్ షేన్ దగ్గర 18వ ఇండియన్ బ్రిగేడ్ చివరికి కూలిపోయినా, జర్మన్ దాడికి దాదాపు ఒక రోజంతా అడ్డుకట్ట వేసింది. ఆ రోజు చాలా విలువైనది. జూలై 10న ఆస్ట్రేలియన్లు తెల్ ఎల్ ఈసా దగ్గర రోమెల్ వైర్‌లెస్ నిఘా కంపెనీని పట్టుకోవడంతో ఆయనకు చెవులు పోయినట్టయింది. నెలాఖరుకు రోమెల్ ఆగిపోయాడు.

అయితే సెప్టెంబరు మధ్యకు ముందు పెద్ద దాడి చేయలేనని ఆకిన్‌లెక్ అన్నాడు. చర్చిల్‌కు ఓపిక లేదు. ఆగస్టు మొదట్లో కైరో వచ్చి, ఆయన స్థానంలో హెరాల్డ్ అలెగ్జాండర్‌ను, ఎయిత్ ఆర్మీకి 13వ కోర్ అధిపతి విలియం గాట్‌ను ఎంచుకున్నాడు. ఆగస్టు 7న గాట్ ప్రయాణిస్తున్న విమానాన్ని జర్మన్లు కూల్చేశారు, ఆయన చనిపోయాడు. అప్పుడే గాట్ స్థానానికి జనరల్ బెర్నార్డ్ మాంట్‌గొమరీకి పిలుపొచ్చింది. ఇక మాంట్‌గొమరీ దాడి చేసింది ఎప్పుడు? అక్టోబరు 23న. అంటే ఆకిన్‌లెక్ అడిగినదానికన్నా నెలకు పైగా ఆలస్యంగా, ఇంకా ఎక్కువ బలగంతో.

అయితే మాంట్‌గొమరీ గొప్పతనం ఏమీ లేదా?

ఉంది. ఆగస్టు 13న, చెప్పిన రోజుకు రెండు రోజుల ముందే పగ్గాలు చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తగ్గే ప్లాన్లన్నీ రద్దు చేశాడు. తన హెడ్‌క్వార్టర్స్‌ను వైమానిక దళం హెడ్‌క్వార్టర్స్ పక్కకు మార్చాడు. ముఖ్యంగా, ఇకపై డివిజన్లు డివిజన్లుగానే పోరాడతాయి అన్నాడు. టెన్షన్‌తో ఉన్న సేనకు ‘ఏం జరగబోతోందో ఈయనకు తెలుసు’ అనే నమ్మకం కలిగించాడు. మనిషి గొప్పలు చెప్పుకునే రకం, ఆకిన్‌లెక్ పట్ల ఏమాత్రం ఉదారంగా లేడు. అది వేరే విషయం.

రెండో అలమైన్ యుద్ధం (అక్టోబరు 23న మొదలైన దాడి) నాటికి ఆయన దగ్గర సుమారు లక్షా తొంభై అయిదు వేల మంది, వెయ్యికి పైగా ట్యాంకులు ఉన్నాయి. వాటిలో అమెరికా పంపిన షెర్మన్లు ముఖ్యం. ఆలివర్ లీస్ 30వ కోర్‌తో మందుపాతరల్లో దారి తెరవాలి, హెర్బర్ట్ లమ్స్‌డెన్ 10వ కోర్ ట్యాంకులు ఆ దారిలో బయటికి రావాలి, దక్షిణాన బ్రయన్ హారక్స్ 13వ కోర్ శత్రువును కదలనివ్వకుండా పట్టి ఉంచాలి. కాగితం మీద అనుకున్నట్టు జరగలేదు. ట్యాంకులు దారుల్లో ఇరుక్కుపోయాయి. ఉత్తరాన మోర్స్‌హెడ్ 9వ ఆస్ట్రేలియన్ డివిజన్ రోజుల తరబడి కొడుతుంటే జర్మన్ల బలమంతా అటు లాగబడింది. ఆ ఖాళీలో నవంబరు 2న న్యూజిలాండ్ జనరల్ ఫ్రీబర్గ్ చేతి మీదుగా చివరి దెబ్బ పడింది. ఎయిత్ ఆర్మీలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి సుమారు 13,500.

డెజర్ట్ రాట్స్ అంటే ఎవరు?

7వ ఆర్మర్డ్ డివిజన్. వాళ్ల గుర్తు జెర్బోవా అనే ఎడారి ఎలుక. ‘రాట్స్ ఆఫ్ టోబ్రుక్’ వేరు: 1941 ముట్టడిలో నిలిచిన ఆస్ట్రేలియన్లు. 7వ ఆర్మర్డ్‌కు పునాది వేసిన పెర్సీ హోబర్ట్‌ను పైవాళ్లతో పడక 1939 చివర్లో సాగనంపారు. 1940లో ఆయన ఊళ్లో హోమ్‌గార్డ్ లాన్స్ కార్పొరల్‌గా పనిచేస్తుంటే చర్చిల్ వెనక్కి పిలిపించాడు. ఇదే డివిజన్‌కు తర్వాత అధిపతి అయిన మెస్సర్వీ 1942 మేలో జర్మన్లకు చిక్కి, బ్యాడ్జీలు తీసేసి మామూలు సిపాయిలా నటించి తప్పించుకున్నాడు.

‘బ్రిటిష్’ సైన్యంలో నిజంగా బ్రిటిష్ వాళ్లు ఎంతమంది?

అలమైన్‌లో 30వ కోర్‌లోని అయిదు పదాతి డివిజన్లలో బ్రిటన్ నుంచి వచ్చినది ఒక్కటే, స్కాట్లాండ్ వాళ్ల 51వ హైలాండ్. మిగతావి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఇండియాలవి. ఇండియన్ బ్రిగేడ్‌లో మామూలుగా రెండు ఇండియన్ బెటాలియన్లు, ఒక బ్రిటిష్ బెటాలియన్ ఉండేవి.

తేడా ఎక్కడంటే, ఫ్రీబర్గ్ కానీ మోర్స్‌హెడ్ కానీ ఒక ఆదేశం నచ్చకపోతే తమ ప్రభుత్వానికి చెప్పుకోగలిగేవారు. తమ డివిజన్‌ను ముక్కలు చేయనివ్వమని పట్టుబట్టగలిగేవారు. ఇండియన్ డివిజన్లకు ఆ అవకాశం లేదు. 1939లో వైస్రాయ్ ఎవర్నీ అడక్కుండానే ఇండియాను యుద్ధంలోకి దింపాడు. నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. బ్రిగేడ్లను విడదీసి అక్కడొకటి ఇక్కడొకటి వాడుకోవడం ఇండియన్ డివిజన్ల విషయంలో ఎక్కువగా జరగడానికి ఇదీ ఒక కారణమని నేననుకుంటాను. 4వ ఇండియన్‌కు 1942 నుంచి అధిపతిగా ఉన్న ఫ్రాన్సిస్ టూకర్ ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. 1943 ఏప్రిల్ 5 రాత్రి వాదీ అకరిత్ దగ్గర ఆయన డివిజన్ చీకట్లో కొండలెక్కి పట్టుకుంది. ఆ రాత్రి పోరాటానికే సుబేదార్ లాల్‌బహదూర్ థాపాకు విక్టోరియా క్రాస్ వచ్చింది. రెండు వారాల తర్వాత జెబెల్ గార్సీలో ప్రాణం పోయేదాకా పోరాడిన హవిల్దార్ మేజర్ ఛేలూ రామ్‌కూ అదే పతకం దక్కింది.

తెలుగువాళ్లు ఉన్నారా?

ఉన్నారు, ఎక్కువగా ఇంజనీరు దళంలో. 4వ ఇండియన్ డివిజన్‌లో మద్రాస్ సాపర్స్‌కు చెందిన 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ ఉండేవి. ఈ దళంలోకి తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ ప్రాంతాల నుంచి మనుషుల్ని తీసుకునేవారు. మందుపాతరలు తీయడం, రోడ్లు వేయడం, నీళ్ల ఏర్పాట్లు చూడటం వీళ్ల పని. పుస్తకాల్లో జనరల్స్ పేర్లే ఉంటాయి కానీ, మందుపాతరల్లో దారి తీసేవాడు ముందు వెళ్తే తప్ప ఏ జనరల్ ట్యాంకూ కదలలేదు.

ఫస్ట్ ఆర్మీ ఎక్కడి నుంచి వచ్చింది?

1942 నవంబరు 8న మిత్రసేనలు అల్జీరియా, మొరాకోల్లో దిగాయి. అటు నుంచి కెన్నెత్ ఆండర్సన్ కింద బ్రిటిష్ ఫస్ట్ ఆర్మీ, ఇటు నుంచి ఎయిత్ ఆర్మీ ట్యునీషియాకు చేరాయి. రెంటి మీదా అలెగ్జాండర్ 18వ ఆర్మీ గ్రూప్. ఆఖరి దాడి కోసం 7వ ఆర్మర్డ్, 4వ ఇండియన్ డివిజన్లను ఫస్ట్ ఆర్మీకి ఇచ్చారు. మే 7న ట్యునిస్ పడింది. అయిదు రోజులకు జర్మన్ కమాండర్ ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది 4వ ఇండియన్ డివిజన్ ఉన్న చోటే.

ఆ తర్వాత ఈ జనరల్స్ ఏమయ్యారు?

వేవెల్ 1943లో ఇండియా వైస్రాయ్ అయ్యాడు. ఆయన వచ్చేనాటికే బెంగాల్ కరువు తీవ్రంగా ఉంది. సిమ్లా సమావేశం ఆయన కాలంలోనిదే. ఆకిన్‌లెక్ మళ్లీ ఇండియా కమాండర్ ఇన్ చీఫ్‌గా వచ్చాడు. దేశ విభజనప్పుడు, తాను జీవితమంతా పనిచేసిన ఇండియన్ ఆర్మీని రెండుగా పంచే పని ఆయన మీదే పడింది. ఓకానర్ బందిఖానా నుంచి బయటపడి నార్మండీలో ఒక కోర్ నడిపాడు.

మా తాతగారు అక్కడ పనిచేశారంటారు. ఎలా తెలుసుకోవాలి?

ముందు పతకాలు చూడండి. ఆఫ్రికా స్టార్ ఉంటే ఉత్తర ఆఫ్రికా లేదా తూర్పు ఆఫ్రికాలో పనిచేసి ఉండొచ్చు. దాని రిబ్బన్ మీద ‘8’ అంకె ఉంటే 1942 అక్టోబరు 23 తర్వాత ఎయిత్ ఆర్మీలో, ‘1’ ఉంటే ఫస్ట్ ఆర్మీలో ఉన్నారని అర్థం. డిశ్చార్జి పుస్తకం దొరికితే అందులో దళం పేరు, కంపెనీ నంబరు ఉంటాయి. డివిజన్ పేరు ఉండకపోవచ్చు, కంపెనీ నంబరును బట్టి దాన్ని కనుక్కోవచ్చు. అక్కడే చనిపోయి ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల కోసం ఎల్ అలమైన్‌లో వేరే స్మారకం ఉంది, 600 మందికి పైగా పేర్లున్నాయి. ఆ రోజుల్లో గుమాస్తాలు మన పేర్లను ఎలా వినపడితే అలా రాసుకున్నారు. ఒక్క స్పెల్లింగ్‌తో ఆగిపోకుండా నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. తండ్రి పేరు, ఊరు, జిల్లా కలిస్తేనే మీవాళ్లని నమ్మండి.